లుంగీకి పుట్టుక సర్టిఫికెట్

తిరుపతిలో ఒక లాడ్జి ఏసీ హాలు. "ప్రాంతీయ స్వేచ్ఛా వాణిజ్యం - మహిళా సాధికారత" అని సదస్సు. వేదిక మీద తొమ్మిది మంది ఉన్నారు, తొమ్మిది మందీ మగవాళ్ళే. మహిళలకు మాత్రం ముందు రెండు వరుసలు కేటాయించారు, ఫోటోలో బాగా పడతారని.

మైకు గిరి చేతిలో ఉంది. ఒక స్వచ్ఛంద సంస్థలో కాంట్రాక్టు ఉద్యోగం అతనిది. పుత్తూరులో వాళ్ళ నాయన విరిగిన ఎముకలకు కట్టు కడతాడు. ఏం పని చేస్తావని ఎవరడిగినా ఒక్క ముక్కలో చెప్పగలడు. కొడుక్కి అదే మాట చెప్పడానికి పదిహేను స్లైడ్లు కావాలి.

"సరిహద్దులు కరిగిపోతున్నాయి. శ్రీలంక మార్కెట్ ఇప్పుడు మీ గుమ్మంలోనే ఉంది," అన్నాడు గిరి.

రెండో వరుసలో ఆకుపచ్చ చీర కట్టుకున్న అమ్మాయి లేచింది. "నా పేరు భువనేశ్వరి సార్, మాది నగరి. పన్నెండు మంది ఆడోళ్ళం కలిసి లుంగీలు నేస్తాం. గుమ్మంలో ఉండే ఆ మార్కెట్టుకు సరుకు ఎట్ల పంపాలో చెప్తారా?"

"వెరీ గుడ్ క్వశ్చన్. ఆఫ్‌లైన్‌లో డిస్కస్ చేద్దాం."

"ఆఫ్‌లైన్ అంటే యాడ సార్?"

హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు, నిజంగానే జవాబు కోసం చూస్తోంది. ఆ చూపుకు గిరికి తర్వాతి స్లైడు ఏమిటో గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్నే సంచిలో రెండు లుంగీలు పెట్టుకుని భువనేశ్వరి గిరి ఆఫీసుకు వచ్చేసింది. "ఆఫ్‌లైన్‌కి వచ్చినాను సార్."

గిరి కుర్చీ చూపించాడు.

"శ్రీలంకలో జాఫ్నా ఊర్లో ఒక అక్క బట్టల కొట్టు పెట్టుకోనుండాది. ఫోన్లో అరవంలో మాట్లాడుకున్నాం. నాలుగు వందల లుంగీలు కావాలంటాది. సరుకు మన దేశంలోనే పుట్టిందని సర్టిఫికెట్ ఉంటే ఆడ సుంకం తగ్గతాదంట. లేకుంటే మా ధరకు కొనలేనంటాది. మనిషి పుడితే మునిసిపాలిటీలో ఇస్తారు. లుంగీ పుడితే ఎవరిస్తారు సార్?"

పద్నాలుగు సదస్సుల్లో గిరి ఆ సర్టిఫికెట్ గురించి మాట్లాడాడు. కళ్ళతో చూసింది మాత్రం లేదు.

"నాకు తెలీదు," అన్నాడు. ఉద్యోగంలో చేరాక అతని నోటి నుంచి వచ్చిన మొదటి నిజం అది.

అప్పుడు నవ్వింది భువనేశ్వరి. "అట్ల చెప్పండి. ఇద్దరం కనుక్కుందాం."

ఆ కనుక్కోవడం రెండు నెలలు సాగింది. గిరి వారానికి రెండుసార్లు నగరి బస్సెక్కాడు. మగ్గాల మోతలో మాట వినబడాలంటే చెవి దగ్గరకు జరగక తప్పదు. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ అనే మాటల్ని అంత మెత్తగా పలికినవాడు ఆ జిల్లాలో ఇంకొకడు ఉండడు. ఒకసారి బస్టాండు దారిలో వాన పట్టుకుంటే భువనేశ్వరి శాంపిల్ లుంగీ విప్పి ఫారాలకు చుట్టింది. ఫారాలు పొడిగా ఉన్నాయి. ఇద్దరూ తడిసి ముద్దయిపోయారు, దానికి ఇద్దరిలో ఎవరూ విచారించలేదు.

"ఫారం నింపేదానికి ఇన్ని దినాలా అప్పా?" అని అడిగింది ఆమె తల్లి చౌడేశ్వరమ్మ.

"ఏడు పేజీలమ్మా."

"రెండు నెలలుగా ఏడేనా," అని ఆమె లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చింది.

అంతలో నగరి బస్టాండులో ఒక ఫ్లెక్సీ లేచింది. సదస్సులో తీసిన భువనేశ్వరి ఫోటో, వెనక విమానం, కింద పెద్ద అక్షరాలు: 'నగరి నుంచి ఐదు దేశాలకు'. పక్కన గిరి పనిచేసే సంస్థ డైరెక్టరు నారాయణ నమస్కారం పెడుతూ ఇంకా పెద్దగా ఉన్నాడు.

భువనేశ్వరి ఫోన్ చేసింది. "ఆ ఐదు దేశాల్లో ఒకదాని పేరు చెప్పండి సార్."

"ఏ దేశాలు?"

"తెలీనట్ల అడగొద్దండి. సింగపూర్లో ఉద్యోగం ఇప్పించమని మా చిన్నాయన కొడుకు పొద్దున్నుంచి వాకిట్లో కూర్చోనుండాడు. నీకేం తల్లీ అని నూలు కొట్టాయన రేటు పెంచినాడు. ఇన్ని దినాలు మీరు తిరిగింది ఈ ఫ్లెక్సీ కోసమా?"

ఫోన్ పెట్టేసింది. గిరి నేరుగా నారాయణ గదికి వెళ్ళాడు.

"ఇంకా ఒక్క లుంగీ కూడా పోలేదు సార్."

"ఫ్లెక్సీ ముందు, ఎగుమతి తర్వాత. స్ఫూర్తి అంటే అదేనయ్యా," అన్నాడు నారాయణ.

ఆ సాయంత్రమే గిరి నగరిలో నిచ్చెన అడిగి తెచ్చుకుని, బస్టాండు జనమంతా చూస్తుండగా ఫ్లెక్సీ దించాడు. మడతపెట్టి భువనేశ్వరి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని మగ్గాల షెడ్డు కప్పు మీద, వాన కారే చోట పరిపించింది. మహిళలకు ఆ సంస్థ వల్ల జరిగిన మొదటి మేలు అదే.

గురువారం ఇద్దరూ సర్టిఫికెట్లిచ్చే ఆఫీసుకు వెళ్ళారు. శనివారం చెన్నైలో సరుకు ఓడెక్కాలి. ఆఫీసరు కాగితాలన్నీ తిప్పాడు. తప్పు దొరకలేదు. అదే ఆయనకు ఇబ్బందిగా ఉంది.

"పన్నెండు మందీ ఆడవాళ్ళేనా? బాధ్యతగా సంతకం పెట్టడానికి మగవాళ్ళు లేరా? ఈయన పెడితే ఇప్పుడే ఇచ్చేస్తా. లేదంటే ఫైలు పైకి పోవాలి. సోమవారం రండి."

పెన్ను గిరి ముందుకు జరిగింది.

"పెట్టండి," అంది భువనేశ్వరి గోడకేసి చూస్తూ. "సరుకు ఆగిపోతే మావాళ్ళ రెండు నెలల కష్టం పోతాది."

గిరి పెన్ను ఆమె ముందుకు తోశాడు. "నేను ఒక్క లుంగీ కూడా నేయలేదు సార్. నేసినామె ఈమె. నేను పెట్టాలని రూలుంటే చూపించండి."

ఆఫీసరు పుస్తకం తీశాడు. మధ్యాహ్నం దాటినా రూలు దొరకలేదు.

చివరికి భువనేశ్వరి లేచింది. "ఆడోళ్ళ సంతకం చెల్లదని ఒక కాగితం మీద రాసియ్యండి సార్. జాఫ్నా అక్కకు అదే పంపించుకుంటా."

నోటితో ఎన్ని మాటలైనా చెప్పవచ్చు. రాసిమ్మంటే ఏ ఆఫీసరుకైనా చెయ్యి ఆడదు. నాలుగున్నరకు ఆమె సంతకం మీదే ముద్ర పడింది.

మెట్లు దిగుతూ భువనేశ్వరి అడిగింది. "పెట్టమన్నా గదా, ఎందుకు పెట్టలేదు?"

"పెట్టుంటే మళ్ళీ నాతో మాట్లాడేవాళ్ళా?"

"మాట్లాడుండను."

సరుకు ఓడెక్కింది. జాఫ్నా అక్క ఇంకో ఆరు వందలు కావాలంది. సంస్థ ఆస్తికి నష్టం కలిగించాడని గిరి కాంట్రాక్టు రద్దయింది. ఆ కాగితం జేబులో పెట్టుకునే అతను నగరి వెళ్ళి, చౌడేశ్వరమ్మ ఎదుట నిలబడి, మీ అమ్మాయిని చేసుకుంటానని చెప్పాడు.

"జీతమెంతప్పా?"

"ఇప్పుడు లేదమ్మా. నిన్ననే తీసేసినారు."

"మరి ఏం సూసుకోని అడగను వచ్చినావు?"

తలుపు దగ్గర నుంచి భువనేశ్వరి ముందుకొచ్చింది.

"మాయమ్మను అడిగినావు సరే. నన్నెప్పుడు అడగతావు?"

ఇన్నాళ్ళ సార్లూ, అండీలూ ఆ ఒక్క మాటలో కొట్టుకుపోయాయి. గిరి ఆమె వైపు తిరిగాడు.

"చేసుకుంటావా?"

"చేసుకుంటా. మొగుడివని పని మాత్రం ఇయ్యను. అది పన్నెండు మందీ కూర్చోని తీర్మానం చెయ్యాల."

చౌడేశ్వరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత చెంబుతో నీళ్ళు తెచ్చి గిరి చేతికిచ్చింది.

"కాళ్ళు కడుక్కోని రా అప్పా. సంగటి ఆరిపోతాది."