సగం చుట్టు చాలు

"ఒక లంగరు పడాలి," అన్నాడు డైరెక్టరు. "పడి, దేన్నీ లాగకూడదు."

ఏజెంట్ ముప్పై ఒకటి కుర్చీలో కూలబడ్డాడు. లిఫ్టు పనిచేయక నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చాడు. కుడి మోకాలు ఇంకా తిట్టుకుంటూనే ఉంది. గది మూలన సింకులో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. అతని ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఈ గదికి ముగ్గురు డైరెక్టర్లు మారారు గానీ ఆ చుక్క మాత్రం మారలేదు.

డైరెక్టరు గోడ మీది తెరను వెలిగించాడు. తెల్లటి మోటారు యాట్, విదేశీ జెండా.

"ఓనరు కాగితాల మీద చేపల ఎగుమతిదారు. అసలు పని గూఢచర్యం. మన ద్వీపానికి సముద్రం అడుగున ఒకే ఒక కేబుల్ ఉంది. అది తెగితే అక్కడి రాడార్ స్టేషన్‌కు ఆరు గంటలు కళ్ళుండవు. ఆ ఆరు గంటల్లో వీళ్ళ మనుషులు ద్వీపంలో దిగుతారు. వచ్చే మంగళవారం కాక ఆ పై మంగళవారం, ఉదయం పదకొండూ ఇరవైకి ముహూర్తం."

"లంగరుతో తెంపుతారా?"

"అవును. కేబుల్‌కు నూట యాభై మీటర్ల ముందు లంగరు వదిలి, ఫుల్ స్పీడులో ముందుకు లాగుతారు. ఆ తర్వాత, అయ్యో బ్రేక్ ఫెయిలైంది, పొరపాటైంది అంటారు. బటన్ నొక్కి మోటారుతో మెల్లగా దించితే అది పొరపాటులా కనిపించదు కదా? అందుకని లంగరు దాని బరువుకు అదే ఒక్కసారిగా పడిపోవాలి. లంగరు దించే వాళ్ళ విండ్లాస్ యంత్రం క్లచ్ ఉప్పుకు బిగుసుకుపోయింది. మంచి మేస్త్రీ కోసం వెతుకుతున్నారు."

"ముందే పట్టుకోవచ్చుగా సార్?"

"ఏమని? కాగితాలన్నీ శుభ్రం. కేబుల్ చుట్టూ ఉన్న నిషేధ ప్రాంతంలో లంగరు వేస్తేనే బోటెక్కి సోదా చేసే హక్కు మనకు వస్తుంది. పడకపోతే కేసు లేదు. పడితే కేబుల్ లేదు. మధ్యలో ఏదో ఒకటి మీరే చూడండి."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇలాంటి పనులన్నీ వెతుక్కుంటూ తన దగ్గరికే ఎందుకు వస్తాయో ముప్పై ఒకటికి ఏనాడూ అర్థం కాలేదు.

టెక్నికల్ సెక్షన్ వాళ్ళ పెట్టె బల్ల మీద ఉంది. యాసిడ్ చిమ్మే పెన్ను, చొక్కా గుండీ అంత బాంబు, అయస్కాంతం చేతి గడియారం. అతను మూత వేసి పెట్టెను వెనక్కి తోశాడు.

"లోపల మన మనిషి ఉంది కదా?"

"నాలుగేళ్ళుగా. ఓనరుకు సెక్రటరీ. మిమ్మల్ని మేస్త్రీగా సిఫారసు చేసేది ఆవిడే."

"అయితే ఇవి వద్దు. ఏది పేలినా, ఏది కరిగినా ముందు పోయేది ఆవిడ ప్రాణం."

మూడేళ్ళ క్రితం ఇంకో మిషన్‌లో అతను ఇలాంటి గుండీ బాంబే వాడాడు. పని బ్రహ్మాండంగా జరిగింది. తనను లోపలికి పంపిన మనిషి మర్నాడు కాలవలో తేలాడు. ఆ ముఖం అతన్ని వదలలేదు. ఇంకొకసారి అలాంటి ముఖం చూసే ఓపిక తనకు లేదని అతనికి బాగా తెలుసు.

* * *

రిటైరైన ఓడరేవు ఫిట్టరు ఒకాయన అతనికి నాలుగు రోజులు పని నేర్పాడు. విండ్లాస్ అంటే బోటు ముక్కు దగ్గర ఉండే యంత్రం. లంగరు గొలుసు దాని డ్రమ్ము మీదుగా పోతుంది. పక్కన అరచేతిలో పట్టేంత పెద్ద నట్ ఒకటి ఉంటుంది. అది బిగిస్తే డ్రమ్ము మోటారుకు అంటుకుంటుంది. వదులు చేస్తే డ్రమ్ము స్వేచ్ఛగా తిరుగుతుంది, లంగరు తన బరువుకు తానే పడుతుంది. ఆపాలంటే మళ్ళీ ఆ నట్‌నే బిగించాలి. క్లచ్చూ అదే, బ్రేకూ అదే.

"పడటం దానికి ఎవరూ నేర్పక్కర్లేదు," అన్నాడు ముసలాయన. "ఆపడం నేర్చుకో. సగం చుట్టు వదిలితే చాలు. మొత్తం తిప్పేశావంటే నట్ ఊడి చేతికొస్తుంది. ఇక గొలుసును ఆపడం ఎవడి వల్లా కాదు."

ఐదో రోజు ఉదయం ముప్పై ఒకటి నూనె మరకల చొక్కా, రెంచీల సంచీతో జెట్టీ మీద నిలబడ్డాడు. యాట్ నుంచి ఒకావిడ దిగివచ్చింది. నల్లకళ్ళద్దాలు, పట్టు స్కార్ఫ్, నాలుగంగుళాల మడమల చెప్పులు. బోటు మీద అందరూ ఆమెను మేడమ్ అంటారు.

"ఈ గాలికి గొడుగు నిలవదు," అంది.

"నా గొడుగు బస్సులో పోయిందండి," అన్నాడు.

కోడ్ సరిపోయింది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. కాకపోతే చెప్పుల్లోంచి ఒక మడమ పైకెత్తి రెండో కాలికి రుద్దుకుంది. ఆమెకూ కాళ్ళ నొప్పులేనని ముప్పై ఒకటికి తెలిసిపోయింది.

ఎనిమిది రోజులు పని చేశాడు. దొంగ పని కాదు, అసలు పనే. క్లచ్ విప్పాడు. రాయిలా గట్టిపడ్డ పాత గ్రీజును గోకాడు. ఉప్పు పట్టిన మరలను కిరసనాయిలులో నానబెట్టాడు. కొత్త గ్రీజు పూశాడు. ఇదివరకు ఇద్దరు వేలాడినా కదలని నట్ ఇప్పుడు చిటికెన వేలుతో తిరుగుతోంది.

పని చేస్తూనే కెప్టెన్ చేతులను గమనించాడు. ఆ మనిషి ఏది తిప్పినా చివరిదాకా తిప్పుతాడు. వంటగది కుళాయి మర అరిగింది అతని వల్లే. ఫ్లాస్కు మూత సముద్రంలో పడింది అతని వల్లే. జామ్ సీసా మూత తిప్పితే సీసా పగిలింది. బలం ఉన్నవాడికి సగం అనే మాట చెవికెక్కదు.

విండ్లాస్ కింద గొలుసు దాచే అరలోకి దిగి అక్కడా చూశాడు. వంద మీటర్ల గొలుసు చివరను ఒక తాడుతో గోడకున్న ఇనుప రింగుకు కట్టారు. తాడు కుళ్ళింది. సుత్తితో రింగును తట్టాడు. గట్టి ఇనుము గంటలా మోగాలి, ఇది చెక్కలా పలికింది. తుప్పు లోపల్నుంచి తినేసింది. ఆ అరలోకి ఏళ్ళ తరబడి ఎవరూ తొంగిచూసినట్టు లేదు. అతను కాసేపు ఆలోచించి, ఎర్ర రంగు డబ్బా తెచ్చి రింగుకు రెండు పూతలు వేశాడు. పైన పటారం, లోన లొటారం. రంగు వేయడం ఏ దేశంలోనూ నేరం కాదు.

ఆరో రోజు మేడమ్ విండ్లాస్ పక్కన నిలబడి, సముద్రం వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"బాంబు ఎక్కడ పెట్టావు?"

"పెట్టలేదు."

"మరి ఏం చేస్తున్నావు?"

"రిపేరు. బాగా చేస్తున్నాను."

ఆమె నవ్వబోయి మానేసింది. "నాలుగేళ్ళుగా తలకింద పిస్టల్ పెట్టుకుని పడుకుంటున్నాను. మెడ పట్టేసింది. ఎలా చేస్తావో నాకనవసరం. నన్ను ఇంటికి తీసుకెళ్ళు."

తీసుకెళ్తానని అతను మాట ఇవ్వలేదు. కిందటిసారి ఇచ్చిన మాట ఇంకా గొంతులోనే ఉంది.

పని పూర్తయ్యాక జాబ్ కార్డు రాశాడు. 'నట్ సగం చుట్టు మించి వదలరాదు. మించితే ఊడిపోవును.' కింద కెప్టెన్ చేత సంతకం పెట్టించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి విండ్లాస్‌కు వేలాడదీశాడు. కెప్టెన్ చదవకుండానే సంతకం గీకాడు.

* * *

మంగళవారం ఉదయం ముప్పై ఒకటి సంచీ సర్దుకుంటుంటే ఓనరు వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు.

"ఎక్కడికి మేస్త్రీ? చేసినవాడు పక్కనే ఉండాలి. పని చేస్తే నీ దారిన నువ్వు. చేయకపోతే..." మాట పూర్తి చేయకుండా కోటు కొంచెం తెరిచి పిస్టల్ చూపించాడు. తర్వాత మేడమ్ వైపు తిరిగాడు. "తెచ్చింది నువ్వు. ఇద్దరిదీ ఒకటే లెక్క."

యాట్ కదిలింది. చుక్కాని దగ్గర సరంగు, విండ్లాస్ దగ్గర కెప్టెన్. దూరంగా గస్తీ బోటు బద్ధకంగా తిరుగుతోంది.

పదకొండూ పదికి ఓనరు గొలుసు అరలోకి టార్చి వేశాడు.

"మేస్త్రీ, ఈ తాడేమిటి ఇలా ఉంది?"

ముప్పై ఒకటి సంచీ కింద పెట్టాడు. ఏళ్ళ తరబడి చూడనిది ఈ పూటే చూడాలా?

"పాతదండి. మార్చమంటే మారుస్తాను."

"మార్చు. నేను చూస్తుంటాను."

మోకాలు కలుక్కుమంటుండగా అరలోకి దిగాడు. కొత్త నైలాను తాడు, బొటనవేలి లావుది. ఓనరు టార్చి వెలుగులో దాన్ని గొలుసుకూ రింగుకూ మూడు ముడులు వేసి కట్టాడు. అంత నిజాయితీ ముడి అతను జీవితంలో వేయలేదు. ఓనరు వంగి తాడును రెండుసార్లు గుంజాడు. తాడు బిగుసుకుంది. ఎర్రటి రింగు నిగనిగలాడింది.

"బాగుంది," అన్నాడు ఓనరు.

తాడును చూశాడు గానీ తాడు దేనికి కట్టి ఉందో చూడలేదు. పైకొచ్చాక ముప్పై ఒకటి మేడమ్ వైపు చూడలేదు. ఆ రింగు విరుగుతుందని అతనికీ ఖాయంగా తెలియదు. కెప్టెన్ ఈ ఒక్క రోజు మాట విని సగం చుట్టు తిప్పితే కేబుల్ తెగినట్టే, మొత్తం తిప్పి నట్ ఊడదీస్తే ఓనరు పిస్టల్ తమ మీదికే. భయమేసింది. భయం కన్నా ఎక్కువగా అలసట ముంచుకొచ్చింది. ఎక్కడైనా కాసేపు కూర్చోవాలనిపించింది.

పదకొండూ పందొమ్మిది.

"నట్ మెల్లగా అండి," అన్నాడు కెప్టెన్‌తో, అందరికీ వినపడేలా. "సగం చుట్టు చాలు."

"నాకు చెప్పకు," అన్నాడు కెప్టెన్.

పదకొండూ ఇరవై. ఓనరు చెయ్యి ఊపాడు. "వదులు. తొందరగా."

కెప్టెన్ నట్ మీద అరచేయి వేసి గిర్రున తిప్పాడు. సగం, ఒకటి, రెండు, మూడు.

లంగరు బుడుంగుమంది. గొలుసు వెనకే ఉరికింది. తుప్పు పొడి పొగలా లేచింది. "ఫుల్ స్పీడ్," అని ఓనరు అరిచింది సరంగు అతని పెదవుల కదలిక చూసి తెలుసుకోవాల్సిందే తప్ప ఆ మోతలో వినపడలేదు. యాట్ ముందుకు దూకింది.

"ఇక బిగించు," అన్నట్టు ఓనరు సైగ చేశాడు.

కెప్టెన్ బిగించబోయాడు. నట్ అతని అరచేతిలోనే ఉంది. విండ్లాస్ మీద లేదు.

నలభై మీటర్లు. డెబ్భై. తొంభై. గొలుసు చివర బిగుసుకుని యాట్ ఒక్కసారి వణికింది. ఒక్క క్షణం అన్నీ ఆగినట్టయింది. ముప్పై ఒకటి కళ్ళు మూసుకున్నాడు.

టప్.

కొత్త తాడు, మూడు ముడులు, ఎర్రటి రింగు అరలోంచి ఎగిరి, అందరి ముందు నుంచీ పోయి నీళ్ళలో పడ్డాయి. లంగరు పడ్డచోటే బుద్ధిగా పడుంది. యాట్ తేలిగ్గా, లాగడానికేమీ లేకుండా, కేబుల్ మీదుగా దాటిపోయింది.

ఓనరు పిస్టల్ తీసి ముప్పై ఒకటి నుదుటికి ఆనించాడు. అప్పుడు మేడమ్ నింపాదిగా వచ్చి, విండ్లాస్‌కు వేలాడుతున్న కార్డు తీసి చదివింది.

"నట్ సగం చుట్టు మించి వదలరాదు. మించితే ఊడిపోవును." కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "కింద కెప్టెన్ గారి సంతకం ఉంది."

అందరూ కెప్టెన్ చేతిలోని నట్ వైపు చూశారు. కెప్టెన్ కూడా చూశాడు.

పిస్టల్ నుదుటి నుంచి దిగి కెప్టెన్ వైపు తిరిగేలోగా గస్తీ బోటు సైరన్ మోగింది. నిషేధ ప్రాంతంలో లంగరు వేశారు, ఎవరూ కదలకండి అని లౌడ్‌స్పీకర్ చెప్పింది. ఓనరు క్యాబిన్‌లో ద్వీపం మ్యాపులూ, దిగాల్సినవాళ్ళ జాబితా దొరకడానికి పావుగంట కూడా పట్టలేదు.

అనుమానం రాకుండా అందరితోపాటు వాళ్ళిద్దరికీ బేడీలు వేశారు. గస్తీ బోటు వెనక బెంచీ మీద మేడమ్ చెప్పులు విడిచి పక్కన పెట్టింది. "ఇంటికేనా?" అంది. "ఇంటికే," అన్నాడు. తీరం కనిపించకముందే ఆమె తల వాల్చి నిద్రపోయింది. కాపలావాడు తట్టి లేపబోతే ముప్పై ఒకటి బేడీల చేతులెత్తి వద్దన్నాడు. మూడేళ్ళ తర్వాత అతని గొంతులోంచి ఏదో దిగింది. సంతోషమంటే అదేనేమో, అది బాగా పాతబడిపోయి గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

* * *

నాలుగంతస్తులు మళ్ళీ మెట్లే. డైరెక్టరు రిపోర్టు మూసి తలూపాడు.

"ఒక్క గుండీ వాడకుండా చేశారు. ఎలాగూ మేస్త్రీ పని నేర్చారు కదా, ఆ కుళాయి సంగతి కాస్త చూడండి."

ముప్పై ఒకటి మోకాలు పట్టుకుని లేచాడు. కుళాయిని సగం చుట్టు తిప్పాడు. చుక్క ఆగింది.

జేబులోంచి కొత్త జాబ్ కార్డు తీసి, 'సగం చుట్టు మించి తిప్పరాదు' అని రాసి బల్ల మీద పెట్టాడు. "చదివి సంతకం పెట్టండి సార్."