టీ గిన్నె మీది పాప

కుక్క సంవత్సరం, ఎనిమిదో నెల పదహారో రోజు, మధ్యాహ్నం మూడు గంటలు. ముందురోజు పున్నమి పండక్కి చేసిన చంద్రుడి రొట్టెలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఒకటి నములుతూ మా సూయ్ వాళ్ల నాన్న ఎదుట పీట మీద కూర్చుంది. దానికప్పుడు ఆరేళ్లు.

"కదలకే బుడ్డీ," అన్నారు మా ఆయన యూన్‌హే, కుంచె ఎత్తి దాని బుగ్గ వైపే చూస్తూ.

"ముక్కు దురదేస్తోంది నాన్నా. ఆ బొమ్మక్కూడా దురదేస్తుందా?"

ఆయన చేతిలో ఉన్నది చక్రవర్తి కోసం చేసిన టీ గిన్నె. గుడ్డు పెంకంత పలచన. పూర్వం మా ఇంటి పెద్ద ఒకాయన పెకింగ్ కోటలో రంగులద్దేవారట. చిన్న మచ్చ ఉందని పగలగొట్టమంటే మనసొప్పక, చొక్కా చేతిలో దాచి మా ఊరు జింగ్‌దెజెన్ తెచ్చుకున్నారు. దాని మీద తామరపూల మధ్య ఆడుకునే పాప. ఆ పాప బుగ్గ మీద రంగు ఎప్పుడో పెచ్చు రాలింది. నేను కాపురానికొచ్చిన నాడే అత్తయ్య చెప్పారు, రోజూ దణ్ణం పెట్టుకో, మళ్లీ నిప్పుకి మాత్రం చూపించకు అని.

"బంగారం కరిగించి చేసిన గులాబీ రంగమ్మా. ఇన్నాళ్లకి నా చేతికి కుదిరింది," అన్నారాయన అత్తయ్యతో.

"పెద్దలకి తెలీని విద్య నీకొచ్చిందన్నమాట! దేవుడి పీఠం మీద ఉన్నదాన్ని తీసుకెళ్లి మంటలో పెడతావుట్రా?"

ఆయన నవ్వేశారు. సూయ్ బుగ్గని చూసి చూసి, బొమ్మ బుగ్గ దిద్దారు. పెరట్లో ఉన్న చిన్న బొగ్గుల బట్టీలో గిన్నె పెట్టి, తలుపు చుట్టూ మట్టి మెత్తారు. నేను బిడ్డల్ని కాచే దేవత కువాన్యిన్ తల్లికి అగరొత్తి వెలిగించాను.

చీకటి పడింది. రంగులో కలిపిన కర్పూర తైలం ఆవిరై, ఆ ఘాటు ఇల్లంతా పాకింది. బొగ్గులు చిటపటమంటున్నాయి. సూయ్ వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంది.

"అమ్మా, వేడిగా ఉంది."

నుదురు కాలిపోతోంది. లోపలికి తీసుకెళ్లి తడిగుడ్డ వేశాను. చూస్తుండగానే ఆరిపోయింది. ఇంకోటి వేశాను. అదీ ఆరిపోయింది.

ఆయన బట్టీ దగ్గర విసనకర్ర విసిరినప్పుడల్లా పాప ఒళ్లు ఎర్రబడుతోంది. ఆపితే కాస్త తగ్గుతోంది. దగ్గరికి వంగి చూశాను. దాని ఊపిరిలో కర్పూర తైలం వాసన...

"బట్టీ తలుపు తియ్యండి!" అని పాపని భుజాన వేసుకుని పరుగెత్తాను.

"తియ్యలేనే... ఇంత వేడి మీద చల్లగాలి తగిలితే గిన్నె పగిలిపోతుంది."

"పగిలితే పగలనివ్వండి!"

ఆయన నా భుజం మీద ఉన్న పాప బుగ్గ వైపు చూశారు. గాజులా మెరుస్తోంది. గిన్నెకేమైతే పాపకీ అదే అవుతుందని అప్పుడర్థమైంది నాకు.

నీళ్లు పోస్తే పగులుతుంది. వదిలేస్తే కాలుతుంది. బొగ్గు దానంతటది చల్లారాలి. పాపని మధ్యలో పెట్టుకుని ఆయనా, అత్తయ్యా, నేనూ అక్కడే కూలబడ్డాం. కువాన్యిన్ తల్లి పేరు తలుచుకుంటూనే ఉన్నాను. అంతకంటే చెయ్యడానికేం లేదు.

టక్...

బట్టీ లోపల. గోటితో కొట్టినట్టు.

టక్... టక్...

"అమ్మా... తియ్యవే..."

సూయ్ గొంతే. కానీ సూయ్ నా ఒళ్లో ఉంది. పెదాలు కదల్లేదు.

లేవబోయాను. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "వద్దే తల్లీ," అన్నారు గుసగుసగా. పిలుపు ఆగలేదు. ఏడ్చింది, బతిమాలింది. తెల్లవారుజామున సన్నబడి... ఆగిపోయింది.

పొద్దున్నకి పాప ఒళ్లు చల్లబడింది. బట్టీ కూడా. సూయ్ లేచి, ఆకలంటూ వాకిట్లో గెంతడం మొదలెట్టింది. ఆయన మట్టి గీకి తలుపు తీశారు. గిన్నె చెక్కుచెదరలేదు. రెండు చేతులా పట్టుకొచ్చి పీఠం మీద పెట్టారు.

గిన్నె లోపల సన్నగా ఆవిరి పట్టింది. పోయింది. మళ్లీ పట్టింది. నిద్రపోతున్న బిడ్డ ఊపిరిలా, నెమ్మదిగా.

వాకిట్లో సూయ్ నవ్వుతోంది.

అత్తయ్య ఆ పొద్దున గంజి రెండు గిన్నెల్లో పోశారు. ఒకటి సూయ్ ముందు పెట్టారు. రెండోది, గిన్నెలో ఊపిరి తీస్తున్న పాపకన్నట్టు, పట్టుకుని పీఠం ముందు నిలబడిపోయారు.