మూల ఇంట్లో మెడ తిప్పే ఆవిడ

దెయ్యానికి మెడ ఉంటుందా, ఉండదా? చెప్పండి చూద్దాం.

పెద్దదానివి, ముందు నువ్వు చెప్పు. ఏమో అంటావా? "ఏమో" అన్న జవాబుకి నేను బళ్ళో ఏనాడూ మార్కులు వెయ్యలేదు. సరే, ఈ ముసురు తగ్గేలా లేదు. ఒక చీర ఆరేశాను, ఇంకో రెండు బకెట్లోనే ఉన్నాయి, కాసేపు ఆగుతాయిలే. దగ్గరికి జరగండి. చిన్నోడా, దుప్పట్లోంచి తల బయటపెట్టు. ఇప్పుడే దాక్కుంటే అసలు దెయ్యం వచ్చినప్పుడు ఎక్కడ దాక్కుంటావు?

ఇది నేను చూసింది కాదు. నా దగ్గర చదువుకుని నర్సయిన అమ్మాయి చెప్పగా విన్నది.

వాళ్ళ సందు చివర ఒక మూల ఇల్లుంది. చెడ్డపేరున్న ఇల్లు. ఇప్పటికీ చీకటి పడితే దాని ముందు నుంచి ఎవరూ నడవరు, చుట్టూ తిరిగి పోతారు. ఆ ఇంట్లో ఒక ఆవిడ ఉందట. లేతనీలం చీర. హాలు మధ్యలో నిలబడి... అటు నుంచి ఇటు... ఇటు నుంచి అటు... మెల్లగా మెడ తిప్పుతుందట. ఒంటి మీంచి నీళ్ళు కారుతుంటాయట. ఎవరూ స్విచ్చి వెయ్యకుండానే లైటు వెలుగుతుందట. తల మాత్రం లేదట. తల లేకుండా మెడ ఎలా తిప్పుతుందీ అని అడిగితే చెప్పేవాళ్ళకి కోపం వస్తుంది.

ఆ పేరు పుట్టిన వారం సంగతి చెబుతాను.

అప్పుడు ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఉండేవాళ్ళు. ఆయన కంపెనీ పని మీద నెలలో సగం రోజులు ఊళ్ళు తిరిగేవాడు. సందులో అందరూ క్యాంపులాయన అనేవాళ్ళు. ఆవిడ పేరు ఎవరికీ తెలీదు. ఎప్పుడైనా కిటికీ దగ్గర కనపడేది, మనం పలకరించేలోపు వెనక్కి తగ్గిపోయేది. పొగరు అనుకున్నారు.

ఆ వారం క్యాంపులాయన ఊళ్ళో లేడు. రెండు రోజులుగా చీకటిపడే వేళకి ఆ ఇంట్లో తల లేని మనిషి కనపడుతోందని పుకారు. ఇంటావిడ ఏమైందీ అంటే, ఆవిణ్ణి చూసి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. "చచ్చిపోయి ఉంటుంది, దెయ్యమైంది" అన్నారు. చచ్చిందో బతికుందో తలుపు తట్టి చూద్దామని మాత్రం ఒక్కరూ అనలేదు.

నర్సమ్మకి ఇదంతా నవ్వులాట. "బతికున్నవాళ్ళతోనే వేగలేకపోతున్నాను మేడమ్, చచ్చినవాళ్ళకి భయపడే తీరిక నాకెక్కడిది?" అనేది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి వస్తోంది. ఇదిగో, ఇలాంటి ముసురే. సందులో జనం లేరు. మూల ఇంటి హాల్లో లైటు వెలుగుతోంది. కిటికీ రెక్క జానెడు తెరిచి ఉంది. లోపల్నించి ఏదో చప్పుడు...

కిర్రు... కిర్రు...

గబగబా దాటిపోదామనుకుంది. కానీ నర్సు కదా. లోపల ఎవరైనా ఒంట్లో బాగాలేక తూలుతున్నారేమో! గేటు తోసి, మెల్లగా కిటికీ దగ్గరికి వెళ్ళింది. తొంగి చూసింది.

ఉంది.

లేతనీలం చీర. నేల దాకా జారిన కుచ్చెళ్ళు. కుచ్చెళ్ళ అంచు నుంచి టప్... టప్... నీటిచుక్కలు. భుజాల దాకా మనిషే. భుజాల పైన ఏమీ లేదు. అటువైపు తిరిగి ఉన్నది కాస్తా మెల్లగా... మెల్లగా... కిటికీ వైపు తిరగడం మొదలుపెట్టింది. చీర ఉబ్బింది. ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బింది!

నర్సమ్మ గొంతులోంచి కేక రాబోయింది—

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నోరు మూసింది. మంచుముక్కలా చల్లగా, తడిగా ఉంది ఆ చెయ్యి.

"అరవకండి..."

చిన్నోడా, నా చెయ్యి వదులు, గోళ్ళు గుచ్చుకుంటున్నాయి.

"నేనే నర్సమ్మగారూ... ఈ ఇంటి పనమ్మాయిని. మీకు దణ్ణం పెడతాను, అరవకండి. అమ్మగారు ఇంకా అక్కడికి చేరలేదు."

"ఎక్కడికి? మరి లోపలున్నది ఎవరు?"

"లోపలెవరూ లేరండీ... ఫ్యానుంది."

నవ్వకండి. నేను చెప్పిన దెయ్యం ఇంకా రాలేదు.

మెడ తిప్పే స్టాండు ఫ్యాను. దాని భుజాల మీద, అంటే వెనక ఒక కర్ర అడ్డంగా కట్టి, దాని మీద తడిపిన చీర. కింద నీళ్ళు పట్టడానికి బేసిను. పనమ్మాయి రెండో చేతిలో మగ్గు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ చీర తడపడం దాని పని. మామూలుగా గిన్నెలు తోమే వేళలే అవి.

ఎందుకూ అంటారా? పాఠం చెప్పాలి, వినండి.

నిండు తొట్టిలో వేలు ముంచితే అలలు లేస్తాయి కదా. మధ్యలో చెంబు అడ్డముంటే అవి దానికి తగిలి మళ్ళుతాయి. కళ్ళు మూసుకున్నా, గట్టుకొచ్చే అలల్ని బట్టి చెంబు ఎక్కడుందో చెప్పొచ్చు. అదుగో, టీవీ పక్కన మీ నాన్న పెట్టిన తెల్ల డబ్బా ఉందే, పచ్చలైటుది, అలాంటి డబ్బా ఇంటినిండా కనపడని అలలు నింపుతుంది. మనిషి కదిలితే అలలు చెదురుతాయి. మన ఒళ్ళంతా నీళ్ళే కాబట్టి బాగా చెదురుతాయి. ఆ చెదిరిన లెక్క చూసి, ఏ గదిలో ఎందరున్నారో ఫోన్లో చుక్కలు పెడుతుంది. గోడలు అడ్డం కావు. తలుపు వేసుకున్నా లాభం లేదు.

క్యాంపులాయన అలాంటి డబ్బా పెట్టించాడు. "కెమెరా అయితే నలుగురూ తప్పుపడతారు. ఇది మొహం చూడదు, మాట వినదు, చుక్క చూపిస్తుంది అంతే. నీ క్షేమం కోసమే" అన్నాడట పెళ్ళాంతో. మనిషి మసిలితే లైట్లు వాటంతట అవే వెలిగే ఏర్పాటు కూడా చేశాడు. స్విచ్చి వేసే శ్రమ కూడా లేదు చూడు, అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఆవిడతో మాట్లాడటం మానేశాడు. చుక్క ఉండగా మాటెందుకు? చుక్క చెయ్యకూడనిది చేస్తే మాత్రం ఫోన్ మోగేది. "కిటికీ దగ్గర అంతసేపు ఏం చేస్తున్నావు?" "మధ్యాహ్నం పడకగదిలో ఎందుకున్నావు?" "స్నానాల గదిలో అంతసేపు ఎవరితో ఫోన్ మాట్లాడావు?" ఆవిడ కదలకుండా కూర్చోవడం నేర్చుకుంది. కదలకపోతే నిద్రపోతోందని లెక్క కదా. ఏడవాలన్నా కదలకుండా ఏడిచేదట. భుజాలు కదిలితే చుక్క కదులుతుందని.

ఒక ముసురు రోజు, ఆరే దారిలేక తడిచీర ఒకటి హాల్లో ఫ్యాను మీద వేసి, వంటింట్లోకి వెళ్ళింది. ఫోన్ మోగింది.

"హాల్లో ఎవడు?"

"ఎవరూ లేరండీ."

"రెండు చుక్కలున్నాయి. ఎవడని అడుగుతున్నాను."

"చీరండీ... తడిచీర..."

ఆ రాత్రికి రాత్రే బయల్దేరి వచ్చాడు. ఆవిడ ఎంత చెప్పినా నమ్మలేదు. చీర మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టినా నమ్మలేదు. ఏం జరిగిందో మీకు చెప్పను. వారం రోజులు ఆవిడ ఎడమ చెయ్యి పైకి లేవలేదని పనమ్మాయి నర్సమ్మతో అంది, అది చాలు.

కానీ ఆ వారంలో ఆవిడకి ఒక సంగతి తెలిసొచ్చింది. తనకీ తడిచీరకీ తేడా ఆ డబ్బాకి తెలీదు. మరి ఆ డబ్బాని నమ్ముకున్న మొగుడికీ తెలీదు!

అంతే. ఈసారి ఆయన క్యాంపుకి వెళ్ళగానే, పనమ్మాయి వచ్చిన వేళ చూసి, కర్ర కట్టి, చీర తడిపి ఫ్యాను వేసి, కట్టుబట్టలతో బయటికి నడిచింది. చాలా దూరం పోవాలి. బస్సు దిగి ఇంకో బస్సు, మధ్యలో ఆగుతూ మూడు నాలుగు రోజుల దారి. ఆయన తిరిగొచ్చేదాకా చుక్క కదలాలి. చీర ఆరాక చుక్క ఆగితే, పడుకుందిలే అనుకుంటాడు.

నర్సమ్మ మగ్గు వంక, కిటికీ వంక చూసింది. "రేపు పొద్దున నాకు సెలవు. నువ్వు రాలేకపోతే చెప్పు" అని మాత్రం అంది.

అయితే అసలు ప్రమాదం ఇంట్లోంచి కాదు, వీధిలోంచి వచ్చింది. మర్నాడు సందులో పెద్దలంతా గేటు దగ్గర గుమిగూడారు. రిటైరైన బ్యాంకు మేనేజరుగారు ఫోన్ తీశారు.

"పాపం, ఆయనకి ఒక మాట చెప్పాలి కదా. ఇంట్లో ఇలా జరుగుతోందని."

చూశారా? ఆవిడ ఉన్నన్నాళ్ళూ చెయ్యని ఫోన్, ఇప్పుడు చెయ్యబోతున్నారు. అదీ ఎవరికి... ఆయనకి!

నర్సమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. ఒక్క ఫోన్ వెళితే ఆయన కొంప చేరేది ఆ రాత్రికే. ఆవిడేమో ఇంకా దారిలోనే ఉంది.

"చెయ్యకండి బాబాయిగారూ! నేను నిన్న కళ్ళారా చూశాను. ఆ ఇంటాయనతో ఎవరు మాట్లాడితే వాళ్ళింటికి వచ్చి ఉంటానంది."

"దెయ్యం అందా?" మేనేజరుగారి చెయ్యి ఆగిపోయింది.

"తల లేదన్నారు కదే, మరి నోరెక్కడిది?" అంది ఆయన భార్య.

"అదే నాకూ అర్థం కాలేదు పిన్నిగారూ... కానీ వినపడింది. మీ ఇల్లు ఎన్నో నంబరని కూడా అడిగింది."

మేనేజరుగారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. ఆ సాయంత్రం నుంచి అటు తిరిగి చూసినవాడు లేడు. అలా పుట్టింది ఆ చెడ్డపేరు. చదువుకున్న పిల్ల, కావాలని పుట్టించింది. కొట్టే మొగుడున్నాడంటే ఆ సందులో ఎవరూ కదిలేవాళ్ళు కాదు. దెయ్యముందంటే అందరూ సాయం చేశారు.

తర్వాత రెండు రోజులకి క్యాంపులాయన వచ్చాడు. చేతిలో ఫోన్. ఫోన్లో చుక్క. ఈ క్యాంపులో చుక్క ఎంతో బుద్ధిగా ఉంది, కిటికీ దగ్గరికి పోలేదు, వీధి గుమ్మం తొక్కలేదు. పెళ్ళానికి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని మురిసిపోయాడేమో, మిఠాయి పొట్లం కూడా తెచ్చాడు. తలుపు తెరిచాడు.

కిర్రు... కిర్రు...

ఫ్యాను మెల్లగా మెడ తిప్పి ఆయన వైపు చూసింది.

పెరటి గుమ్మంలో ఉన్న పనమ్మాయి అంతా చూసింది. ఆయన ఆవిణ్ణి పిలవలేదు. ఎక్కడికి పోయిందని అడగలేదు. సోఫాలో కూలబడి, ఫోన్లో వెనక్కి... వెనక్కి... పాత రోజులన్నీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఏ రోజు దాకా పెళ్ళామో, ఏ రోజు నుంచి చీరో వెతుకుతున్నాడు. చీకటి పడేదాకా వెతికాడు.

దొరకలేదు.

తర్వాత ఇల్లు ఖాళీ చేసి పోయాడు. ఆవిడ ఎక్కడుందో నర్సమ్మకి తెలుసు, నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. చిన్న గది అట. ఒకటే బల్బు. చేత్తో వేస్తే వెలుగుతుంది, చేత్తో తీస్తే ఆరిపోతుంది. మొదట్లో రోజూ ఊరికే వేసి, తీసి, వేసి చూసుకునేదట.

ఏమిటే, టీవీ వైపు చూస్తున్నావు? ఆ డబ్బానా? అది వేరులే. మీ నాన్న బంగారం. పగలంతా మా అమ్మ ఒక్కతే ఉంటుంది, ఎక్కడైనా పడిపోతే ఎలా అని పెట్టాడు. నా క్షేమం కోసమే. మొన్న మేడ మెట్లు ఎందుకెక్కావని ఫోన్ చేశాడు. నిన్న పక్కింటావిడ వస్తే, గంటన్నర ఏం మాట్లాడుకున్నారని నవ్వుతూనే అడిగాడు. నవ్వుతూనే...

ఉండండి, ఫోన్. మీ నాన్నే.

"ఆఁ, చెప్పరా... పిల్లలా? ఇద్దరూ నా పక్కనే ఉన్నారు, కథ చెబుతున్నాను... ఏమిటీ? వెనక గదిలోనా?... నాలుగో చుక్కా?"

దుప్పటి లాగకు చిన్నోడా. మాట్లాడనీ.

"ఎవరూ లేరురా... ఎవరూ లేరన్నానా. సరే, ఉంటాను."

ఏమిటర్రా, ఇద్దరూ అలా బిగుసుకుపోయారు? ఆ కిర్రు చప్పుడా? ముసురు కదా, ఆరే దారిలేక వేశాను. లేవండి, లేచి లైటు వేసుకోండి, మీ చేత్తోనే వెయ్యండి. బకెట్లో ఇంకా రెండు చీరలున్నాయి. అవి కూడా ఆరేసి వస్తాను.