పది నిమిషాల నిశ్శబ్దం

మా కారు రెండో సెల్లార్లో, మూల స్తంభం పక్కన ఉండేది. తెల్లాపూర్‌లో ఈ ఫ్లాటు తీసుకునేసరికి పై సెల్లార్లో చోటు మిగల్లేదు. కింద పగలు కూడా లైటు వేస్తేనే వెలుగు. తడిసిన సిమెంటు వాసన, టైర్ల వాసన. ఆ చోటు నాకు మొదట్నించీ నచ్చలేదు. అయితే భయం మాత్రం ఉండేది కాదు.

నా కొడుకు జశ్వంత్‌కి ఇరవై ఆరేళ్లు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. మా ఆయనది బాపట్లలో గవర్నమెంటు ఉద్యోగం, నెలకి రెండుసార్లు వస్తారు. వీడికి వండిపెట్టడానికి నేనిక్కడ ఉంటున్నాను.

కారుతో ఒకటే చికాకు. స్టార్ట్ చేసిన అరనిమిషానికి వాడి ఫోను బ్లూటూత్‌కి కలుస్తుంది. కలవగానే, ఎవరూ అడక్కుండానే, పాట మొదలవుతుంది. ఎప్పుడూ ఒకటే పాట, పెళ్లి ఊరేగింపుల్లో వేసే డీజే పాట. ఫోన్లో అక్షరాల వరసన అదే మొదటిదట. సౌండు తగ్గించి దిగినా మళ్లీ ఎక్కేసరికి గుండె అదిరేది. ఆపించే దారి చూడరా అంటే, రోజూ బారాత్‌లో వెళ్తున్నట్టుంది, ఉండనీ అని నవ్వేవాడు.

శ్రావణ శుక్రవారం నాడు పుప్పాలగూడలో మా పిన్ని కూతురు దివ్య ఇంటికి పేరంటానికి వెళ్లాను. ఆఫీసు నుంచి వస్తూ వీడు నన్ను ఎక్కించుకున్నాడు. సాయంత్రం ఆరూ నలభై. వాన వల్ల అప్పుడే చీకటి పడ్డట్టుంది. నా ఒళ్లో తాంబూలం, నానిన శనగలు. ఆ అపార్ట్‌మెంట్ల వెనక సందులో రెండు పక్కలా కడుతున్న బిల్డింగులు, రేకుల గోడలు. వీధి దీపాలు లేవు.

అరనిమిషమైంది. పాట మొదలైంది. వానలో, మూసిన అద్దాల మధ్య, అంత చప్పుడు. ఆపరా బాబూ అన్నాను. వాడు స్క్రీన్ మీదికి వంగాడు.

దేన్నో గుద్దాం.

పెద్ద శబ్దం కాదు. బియ్యం బస్తా కింద పడేసినట్టు... మెత్తగా. శనగలన్నీ నా కాళ్ల దగ్గర చెల్లాచెదురయ్యాయి. కారు నెమ్మదించింది. నేను వెనక్కి తిరిగి చూశాను. అద్దం మీద నీళ్లు కారుతున్నాయి. ఆ నీళ్ల వెనక, రోడ్డు మీద, తెరిచిన గొడుగు ఒకటి గాలికి గుండ్రంగా తిరుగుతోంది. గొడుగు పక్కన ఒక చెయ్యి లేచింది. మళ్లీ పడింది.

"అమ్మా... ఎవరో మనిషి."

"ఆపకు" అన్నాను.

ఆ మాట నాదే. వాడిది కాదు. ఇల్లు చేరేదాకా పాట తర్వాత పాట మోగుతూనే ఉంది. ఇద్దరిలో ఒక్కరమూ చెయ్యి చాపి ఆపలేదు.

ఆదివారం పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు పడ్డాయి. చంద్రయ్య, యాభై ఎనిమిదేళ్లు, కడుతున్న బిల్డింగు దగ్గర వాచ్‌మన్. నారాయణపేట వైపు మనిషి. గుర్తు తెలియని వాహనం. ఆరూ నలభైకి దెబ్బ తగిలితే ఏడూ ఇరవైకి గానీ ఎవరూ చూడలేదు. ఆ నలభై నిమిషాలూ బురదలో స్పృహతోనే ఉన్నాడట. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి పోయాడు.

పేపరు మడిచి వీడు చెప్పులేసుకున్నాడు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తానన్నాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. వాడి చెయ్యి తీసి నా నెత్తి మీద పెట్టుకున్నాను. ఎవరికైనా చెబితే నేను చచ్చినంత ఒట్టు అన్నాను. వాడు చెయ్యి లాక్కోబోయాడు. నేను వదల్లేదు. ఒక్కగానొక్క కొడుకు. జైల్లో పెడతారు, ఉద్యోగం పోతుంది, బతుకే పోతుంది. అంతకుమించి నాకేమీ తోచలేదు. కాసేపటికి చెప్పులు విప్పేశాడు.

ఆ తర్వాత కారెక్కితే కొత్త బాధ మొదలైంది. పాట మొదలవగానే వాడి చేతులు స్టీరింగ్ వదిలేసేవి. ఒకసారి కొత్తగూడ ఫ్లైఓవర్ మీద అలాగే వదిలేశాడు. పక్కనున్న నేను పట్టుకున్నాను. ఆ డీజే పాట తీసేస్తే వరసలో రెండోది వచ్చింది. పాటల యాప్ తీసేస్తే ఫోన్‌లో ఉన్న ఇంకో యాప్ అందుకుంది. సెట్టింగులన్నీ మార్చాడు. కారు మర్చిపోయేట్టు చేసి మళ్లీ కలిపాడు. ఆగలేదు. కారు పక్కన పెట్టి ఆటోలో వెళ్లమంటే విన్లేదు.

యూట్యూబ్‌లో ఒక కుర్రాడు దీనికి ఉపాయం చెప్పాడు. ఏ శబ్దమూ లేని ఫైలు ఒకటి ఫోన్లో పెట్టుకోవాలి. దాని పేరు ఇంగ్లీషు 'ఏ' అక్షరాలతో మొదలవ్వాలి. వరసలో అదే ముందు వస్తుంది కాబట్టి కారు దాన్నే వాయిస్తుంది. పది నిమిషాలు హాయిగా నిశ్శబ్దం. ఆ ఫైలు ఇస్తానంటూ కింద లింకు పెట్టాడు. తెలియని లింకులు నొక్కొద్దని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రోజూ మొత్తుకుంటున్నారు. నొక్కలేదు.

నిశ్శబ్దాన్ని నేనే రికార్డు చేశాను.

మధ్యాహ్నం పూట సెల్లార్‌కి దిగి, నా ఫోన్లో రికార్డరు నొక్కి, కారు వెనక సీట్లో పెట్టి, తలుపులు లాక్ చేశాను. స్తంభం దగ్గర నిలబడి వాచీ చూసుకున్నాను. అంతకంటే చప్పుడు లేని చోటు మా ఇంట్లో లేదు మరి. పది నిమిషాల తర్వాత ఫోను తీసి, మొదట్లో కాస్త విన్నాను. ఏమీ లేదు. పదకొండు 'ఏ'లు పేరుగా పెట్టి వాడికి వాట్సాప్‌లో పంపాను.

పనిచేసింది. మర్నాడు కారు స్టార్ట్ అయింది, ఫోను కలిసింది, స్క్రీన్ మీద పదకొండు 'ఏ'లు వచ్చాయి. అంతే. నిశ్శబ్దం. వాడు నా వైపు చూసి చాలా రోజుల తర్వాత కొంచెం నవ్వాడు.

నాలుగో రోజు లిఫ్టు దగ్గర లింగమూర్తి కనబడ్డాడు. తెల్లవారుజామున కార్లు కడిగే మనిషి. బకెట్ కింద పెట్టి, మీ ఇంటికి చుట్టాలొచ్చిండ్రా మేడం అనడిగాడు. ఎవరూ రాలేదన్నాను.

"మరి మీ కారు ఎనక సీట్ల కూసుంటున్న పెద్దమనిషి ఎవరు? జర చెప్పుండ్రి ఆయనకు, బురద కాళ్లతోని ఎక్కొద్దని. ఆ మ్యాట్లు పిండలేక నా రెక్కలు పోతున్నయి."

అతను నవ్వుతూనే అన్నాడు. నేను సరేనని లిఫ్టు ఎక్కాను. ఏ అంతస్తు నొక్కాలో గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం జశ్వంత్ ఏడున్నర దాటినా పైకి రాలేదు. కిందికి వెళ్లాను. కారులోనే కూర్చుని ఉన్నాడు. ఇంజన్ ఆపేసి ఉంది. స్క్రీన్ ఒక్కటే వెలుగుతోంది. తలుపు తీసి వాడి పక్కన కూర్చున్నాను. లోపల తడి మట్టి వాసన.

"ఆరో నిమిషం నుంచి విను" అన్నాడు, గుసగుసగా.

విన్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత, దూరంగా, రేకుల మీద పడుతున్నట్టు... వాన. రెండో సెల్లార్లో, ఎండ కాస్తున్న మధ్యాహ్నం నేను రికార్డు చేసిన దాంట్లో వాన. తర్వాత ఊపిరి. ఎవరో నోటితో తీసుకుంటున్న ఊపిరి. ప్రతి ఊపిరి చివరా నీళ్లు గరగరలాడుతున్నట్టు. ఆ తర్వాత గొంతు.

"జర లేపుండ్రి..."

అంతే. కోపం లేదు అందులో. బస్సులో పక్కవాళ్లని సాయం అడిగినట్టు, మెల్లగా. కాసేపాగి మళ్లీ అదే మాట.

నేను స్క్రీన్ వైపు చూశాను. ఫైలు నిడివి పది నిమిషాలు కాదు. పద్నాలుగు.

రోజూ పెరుగుతోందన్నాడు. నేను వాడి ఫోన్ లాక్కుని ఆ ఫైలు తీసేశాను. నా ఫోన్‌లోది కూడా తీసేశాను. మర్నాడు కారులో మళ్లీ పదకొండు 'ఏ'లు. పదిహేడు నిమిషాలు. ఆ రోజు వాడి ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళ్లాం. అయినా వచ్చింది.

ఇరవై రెండు. ఇరవై ఆరు. ముప్ఫై ఒకటి.

వాడు తిండి మానేశాడు. ఆఫీసు నుంచి రాగానే సెల్లార్లోనే కూర్చుని మొత్తం వినేవాడు. మనిషి చివరి మాటలు, ఎవరో ఒకరం వినాలి కదమ్మా అనేవాడు. ముప్ఫై ఎనిమిది వచ్చిన రోజు పైకొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"రేపటికి నలభై. అది కూడా వింటే నేనింక పైకి రాలేనేమో అమ్మా."

"వెళ్లొద్దు నాన్నా."

"అయితే ఒట్టు తీసెయ్."

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

మర్నాడు కారు తాళం బియ్యం డబ్బాలో దాచాను. రెండో తాళం వాడి దగ్గరే ఉందని నాకు తట్టలేదు. ఆరున్నరైంది. ఏడైంది. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఏడుంబావుకి తాళం తీసుకుని కిందికి పరిగెత్తాను.

సెల్లార్లో లైట్లు లేవు. మూలన మా కారు స్క్రీన్ ఒక్కటే నీలంగా వెలుగుతోంది. అద్దాలన్నిటికీ లోపల్నుంచి ఆవిరి పట్టేసి ఉంది. డ్రైవర్ సీట్లో తల. ముందుకి వంగి ఉంది, పాట ఆపడానికి వంగినట్టు.

తాళం నొక్కాను. తలుపుల లాకులు టక్కుమని తెరుచుకున్నాయి. పట్టుకునేలోపే మళ్లీ లాక్ అయిపోయాయి. లోపల్నుంచి. మళ్లీ నొక్కాను. మళ్లీ వేశారు.

అద్దంలోంచి ఆ గొంతు వినబడుతోంది. బాగా సన్నబడింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య చాలాసేపు పడుతోంది. ఆవిరి సందులోంచి అంకెలు కనిపిస్తున్నాయి. ముప్ఫై ఎనిమిదీ యాభై. ముప్ఫై తొమ్మిదీ పది...

నుదురు అద్దానికి ఆనించాను. చల్లగా ఉంది.

"నాన్నా, ఒట్టు తీసేస్తున్నా. వెళ్లి చెప్పు. ఆపొద్దన్నది మా అమ్మేనని చెప్పు. నువ్వు ఆపబోయావని చెప్పు. బయటికి రా..."

లోపల తల మెల్లగా నా వైపు తిరిగింది. వింటున్నట్టు కొంచెం పక్కకి ఒరిగింది. ముఖం కనబడలేదు. నేను చెప్పిందే మళ్లీ చెప్పాను. మూడుసార్లు చెప్పాను. గొంతు ఆగిపోయింది. ఊపిరి ఒకటి వచ్చింది. ఇంకొకటి రాలేదు.

నలభై.

చేతిలో నా ఫోను మోగింది.

"అమ్మా, స్టేషన్లో ఉన్నా" అన్నాడు జశ్వంత్. "చెప్పేశాను. అరగంట పైనే అయింది. కూర్చోబెట్టి అంతా రాసుకున్నారు. ఫోన్ ఇప్పుడే ఇచ్చారు."

"కారు..." అన్నాను.

"ఆటోలో వచ్చా. తాళం వాళ్లకి ఇచ్చేశా. నువ్వేం భయపడకు. నీ పేరు రానివ్వలేదు. కారులో నేనొక్కణ్ణే ఉన్నానని చెప్పాను."

నేను అద్దం మీంచి తల ఎత్తాను. సీట్లో ఎవరూ లేరు. నేను ఆనుకున్నది తప్ప మిగతా మూడు తలుపులూ తెరిచి ఉన్నాయి. తెరిచిన చప్పుడు నేను వినలేదు.

రాత్రి పోలీసులు వచ్చి కారు తీసుకెళ్లారు. సీట్లు పిండితే నీళ్లు కారేలా ఉన్నాయని, అద్దాలు తెరిచి పెట్టారా అని ఒక కానిస్టేబుల్ అడిగాడు. తెలియదన్నాను. కారులో మీరూ ఉన్నారా అని కూడా అడిగాడు. ఆ శుక్రవారం గురించే.

లేనన్నాను.

జశ్వంత్ కొన్ని రోజులకి బెయిలు మీద వచ్చాడు. ఉద్యోగం పోయింది. కేసు నడుస్తోంది. కానీ అన్నం తింటున్నాడు. నిద్రపోతున్నాడు. కోర్టు దగ్గర చంద్రయ్య భార్యకి వాడు చేతులు జోడించాడు. ఆవిడ వాణ్ణి చూడలేదు. నన్నే చూసింది, చాలాసేపు.

కారు స్టేషన్ వెనక ఆవరణలో పడి ఉంది. బ్యాటరీ కూడా తీసేశారని వకీలు చెప్పాడు. నా ఫోన్ని నేను ఏ రోజూ ఆ కారుకి కలపలేదు. అయినా నెల నుంచి రోజూ సాయంత్రం ఆరూ నలభైకి నా ఫోన్ మీద కారు పేరు వస్తోంది, కలిసినట్టు. దాని కింద ఒక ఫైలు, రోజురోజుకీ నిడివి పెరుగుతూ. తీసేసినా వస్తోంది. స్టేషన్‌కి వెళ్లి నిజం చెప్పేయాలని రోజూ చీర మార్చుకుంటాను. గుమ్మం దాకా వెళ్తాను. నాకు ఒట్టు పెట్టినవాళ్లు ఎవరూ లేరు. అయినా కాలు బయట పడదు.

నిన్న ధైర్యం చేసి విన్నాను. ముప్ఫై ఆరు నిమిషాలుంది.

అందులో వాన లేదు. ఫ్యాను తిరుగుతోంది. తిరిగిన ప్రతిసారీ ఒక్కసారి టిక్కుమంటుంది, మా పడగ్గది ఫ్యాను లాగే. దాని కింద ఎవరో నోటితో ఊపిరి తీసుకుంటున్నారు... ఆడమనిషి. పక్కగదిలో జశ్వంత్ ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. తలుపు వేసి ఉన్నట్టుంది. వాడికి ఏమీ వినబడటం లేదు.