ఉప్పునీటిలో వాలుగ

ఖతార్ దేశంలో నది లేదు. వాన పడినప్పుడు కాసేపు పారి ఇసుకలో ఇంకిపోయే వాగులే తప్ప, ఏడాది పొడుగునా పారే నీరు ఆ ద్వీపకల్పంలో ఎక్కడా కనిపించదు. అయితే అల్ ఖోర్ దాటి ఉత్తరానికి పోతే, మడచెట్ల నడుమ సముద్రం లోపలికి చొచ్చుకువచ్చిన ఒక సన్నని పాయ ఉంది. పోటు వేళ లోపలికి, ఆటు వేళ బయటికి, రోజుకు రెండు విడతలు అటూ ఇటూ పారే ఆ నీటిని అక్కడికి చేపలు పట్టడానికి వచ్చే తెలుగువాళ్ళు 'ఏరు' అంటారు. అందులో శాస్త్రమేమీ లేదు. ఇంటిమీది బెంగ ఉంది, అంతే.

ఓబులేసుది కర్నూలు జిల్లాలో తుంగభద్ర ఒడ్డున ఒక ఊరు. కాలేజీలో చరిత్ర చదివి, దోహాలోని అల్ ఘర్రాఫాలో ఒక ఖతారీ ఇంట ఆరేళ్ళుగా డ్రైవరుగా ఉన్నాడు. దెయ్యాలను నమ్మడు. ఎవరే వింత చెప్పినా, చూసిందెవరు, ఎప్పుడు, ఎంత దూరం నుంచి అని మూడు ప్రశ్నలు వేసేవాడు. ఎదుటివాడు రెండో ప్రశ్నకే తడబడేవాడు. కానీ ఒక్క సంగతి విషయంలో మాత్రం ఆ మూడింటికీ జవాబులు ఓబులేసు దగ్గరే ఉన్నాయి. చూసింది తానే. రెండేళ్ళ కిందట, ఆగస్టు నెలలో. నాలుగు మూరల దూరం నుంచి.

ఆ శుక్రవారం జనవరి చలి గట్టిగా ఉంది. ఇంటి సామాన్లు తేవడానికి వాడే పాత కారును సెలవుపూట తీసుకువెళ్ళడానికి యజమాని అభ్యంతరం చెప్పడు. తెల్లవారకముందే ఓబులేసు, షఫీ పాయ ఒడ్డుకు చేరారు. షఫీది జగిత్యాల. ఏసీ మెకానిక్కు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో ఆరుగురితో కలిసి ఒకే గదిలో ఉంటాడు. ఆ ఆరుగురితో మాట్లాడగా మిగిలిన మాటలన్నీ శుక్రవారానికి దాచుకుని వస్తాడు.

"ఏందన్నా అది, దారమా? మా అమ్మీ పూలు గుచ్చే దారం గూడ ఇంతకన్న లావుంటది" అన్నాడు షఫీ, ఓబులేసు రీలును టార్చి వెలుగులో చూస్తూ. "ఇగో, నాది జూడు. అల్లిక దారం. ఎనభై పౌండ్లది. ఒంటెను గట్టి గుంజినా తెగది."

"తెగాలి షఫీ. దారమన్నాక ఎక్కడో ఒక చోట తెగాలి."

"తెగే దారం కావాలని కొనేటోడు ఖతార్ మొత్తంల నువ్వొక్కడివే భయ్."

ఓబులేసు రీలు అందుకుని గాలం కట్టుకున్నాడు. సన్నని నైలాన్ దారం, చిన్న గాలం, వేలికొనంత సీసపు గుండు, దానికో రొయ్య. రెండేళ్ళుగా అతని సరంజామా ఇంతే. పెద్ద చేప పడితే దారం తెగిపోవాలి, చేప పోవాలి. అదీ అతను తనకు పెట్టుకున్న నియమం. దారాన్ని వేలికి కూడా చుట్టుకునేవాడు కాదు.

తుంగభద్ర ఒడ్డున వాలుగను పట్టే పద్ధతి వేరు. తెల్లవారుజామున ఆ చేప మడుగు లోతులోంచి ఒడ్డుకు మేతకు వస్తుంది. వచ్చేదాకా కాచుకోవాలి. అందుకని గాలం విసిరి, దారాన్ని మణికట్టుకు మూడు చుట్లు చుట్టుకుని, బండ మీద వెల్లకిలా పడుకుని కునుకు తీస్తారు. చేప లాగితే మెలకువ వస్తుంది. మరీ పెద్దదైతే నైలాన్ తెగుతుంది. ఆ తెగడమే తమ ప్రాణానికి కాపలా అని ఒక్కరూ అనుకోలేదు. అనుకోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

ఆ ఆగస్టులో సెలవుకు వెళ్ళిన ఓబులేసు, చిన్నప్పటి స్నేహితుడు ఏసోబుకు దోహా నుంచి ఒక కానుక తీసుకువెళ్ళాడు. ఆకుపచ్చని అల్లిక దారపు ఉండ. సముద్రపు చేపల కోసం తయారైనది. ఏసోబు మురిసిపోయాడు. చేపల సంఘం లీజుకు తీసుకున్న మడుగు గనుక, ఎవరికీ చెప్పకుండా ఇద్దరూ చీకట్లోనే వెళ్ళారు. ఏసోబు కొత్త దారాన్ని పాత పద్ధతిలోనే మణికట్టుకు మూడు చుట్లు చుట్టుకున్నాడు.

వాలుగ ఎంత పెద్దదైనా మనిషిని చంపలేదు. కానీ పాచిపట్టిన బండ, పైన ఆనకట్ట గేట్లు ఎత్తగా అప్పుడే పెరిగిన ప్రవాహం, ఎంత లాగినా తెగని దారం మూడూ కలిస్తే చంపగలవు. చేప లాగిన లాగుకు బండ మీంచి జారి నీళ్ళలో పడిన ఏసోబు చేతి నుంచి ఉండ దాకా ఉన్న దారాన్ని ఓబులేసు పట్టుకున్నాడు. అది అరచేతిని కత్తిలా కోసింది. పది అంకెలు లెక్కించేంత సేపు పట్టుకున్నాడు.

దారం తెగలేదు. అతనే వదిలాడు.

శవం ఎక్కడా తేలలేదు. మూడో రోజు ఓబులేసు విమానం ఎక్కాడు. కేసైతే పాస్‌పోర్టు ఆగిపోతుందని అనుకున్నాడు. దోహా వెళ్ళి ఉత్తరం రాద్దామని అనుకున్నాడు. రాయలేదు. "నేనూ దోహాకే పోతా, ఎవురికీ చెప్పకుండా పోతా" అని ఏసోబు అందరితో అంటూ ఉండేవాడు గనుక, పోయాడనే ఊరు తేల్చుకుంది. ఆర్నెల్ల కిందట ఏసోబు భార్య కృష్ణకుమారి మొగుణ్ణి వెతుక్కుంటూ పనిమనిషి వీసా మీద దోహాకే వచ్చింది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాలో పని. శుక్రవారం శుక్రవారం ఆమెను చూసి రావడం ఓబులేసు తనకు తాను వేసుకున్న శిక్ష. గేటు తీయగానే ఆమె అడిగేది ఒక్కటే.

"అన్నా, ఏమన్నా తెలిసిందా?"

"అడుగుతాండా పాపా."

ఇరవైనాలుగు వారాలుగా అదే జవాబు.

తూర్పు తెల్లబడేసరికి పాయ మీద మంచు దిగింది. ముందు అవతలి ఒడ్డు మాయమైంది. తర్వాత మడచెట్లు. చివరికి చేతిలోని గాలపు రాడ్ కొన.

"నమాజు చేసుకుని గహ్వా కాఫీ పట్టుకొస్తా. కదలకు, ఈ మంచుల నిన్ను దేవులాడుడు నాతోని కాదు" అని షఫీ కారు దగ్గరికి వెళ్ళాడు. అతని చెప్పుల చప్పుడు పది అడుగులకే ఆగిపోయింది.

ఓబులేసు ఒంటరిగా నిలబడ్డాడు. ఎక్కడో రాజహంసలు గొణుగుతున్నాయి. ఆటు మొదలై, వేర్ల సందుల్లోంచి నీరు చప్పరిస్తున్నట్టు జారుతోంది. మడ బురదకు కుళ్ళిన గుడ్డు వాసన ఉంటుంది. దానికి అతను ఎప్పుడో అలవాటుపడ్డాడు.

ఆ వాసన తగ్గింది.

దాని స్థానంలో మరొకటి వచ్చింది. నాచు, కొత్తనీరు తెచ్చిన ఒండ్రు, తడిసిన నల్లబండ... ఆగస్టు వాసన. రాజహంసలు గొణగడం మానేశాయి.

దారం కదిలింది.

సముద్రపు చేప పొడిచినట్టు లాగుతుంది. ఇది పొడవలేదు. మెల్లగా, బరువుగా, ఎవరో తలుపు మూస్తున్నట్టు పక్కకు జరిగింది. తర్వాత నిలిచిపోయింది. ఆ తీరు ఓబులేసు చేతులకు తెలుసు. మనసు ఒప్పుకోకముందే చేతులు రీలు తిప్పడం మొదలుపెట్టాయి. సన్నదారం తెగాలి. తెగుతుందని ఎదురుచూశాడు. తెగలేదు.

బురద మీదికి వచ్చిన చేపను టార్చి వెలుగులో చూశాడు. సముద్రంలోనూ జెల్లలుంటాయి, అదే అయి ఉంటుందనుకున్నాడు. వంగి చూశాడు. పొలుసు లేని వెండి ఒళ్ళు. కంటి వెనక దాకా చీలిన నోరు. రెండు పొడవాటి మీసాలు. పొట్ట కింద నుంచి తోక దాకా ఒకటే రెక్క.

వాలుగ. మంచినీటి చేప.

ఈ గల్ఫు నీరు మన సముద్రం కంటే ఉప్పగా ఉంటుంది. ఇందులో వాలుగ గంట కూడా బతకదు. ఓబులేసు వేళ్ళు పాయలో ముంచి నాలుకకు రాసుకున్నాడు.

తియ్యగా ఉంది.

పూర్వం బహ్రెయిన్ దగ్గర సముద్రం అడుగున మంచినీటి ఊటలుండేవనీ, ముత్యాల కోసం మునిగేవాళ్ళు తోలుసంచులతో ఆ నీరు పట్టుకునేవాళ్ళనీ అతను చదివాడు. ఊట అయి ఉండాలి. ఆ ఆధారాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. కానీ ఇది బహ్రెయిన్ కాదు. ఊటలోంచి చేప రాదు. పైగా...

తన గాలం ఆ చేప నోట్లో లేదు.

నోట్లోంచి వేరే దారం వేలాడుతోంది. ఆకుపచ్చది. పాచి పట్టింది. తన నైలాన్ దానికి చిక్కుకుందంతే. ఆ ఆకుపచ్చ దారం బురద మీదుగా నీళ్ళలోకి, నీళ్ళ మీదుగా మంచులోకి పోయింది. బిగుసుకుని ఉంది. అవతలి కొసన ఏదో బరువు ఉంది.

వదిలేసి పోవాలి. పోలేదు. వంగి ఆ దారాన్ని పట్టుకున్నాడు. పాత గాయం మీద సరిగ్గా కూర్చుంది.

ఒక లాగు... ఆగింది. మరో లాగు.

"ఓబులేసూ..."

గొంతు దూరంగా లేదు. నీళ్ళ ఎత్తున ఉంది. నాలుగు మూరలు ఉంటుందేమో.

"చెప్పినావా?"

ఓబులేసు పెదవులు కదిలాయి. "లేదు."

"ఆమె తిరుగుతాంది రా... ఎండలో."

"చెప్తా" అన్నాడు ఓబులేసు. అది తన గొంతులా లేదు. "ఈ పొద్దే చెప్తా ఏసోబూ. పోయి చెప్తా. ప్రమాణంగా."

దారం అరచేతిలో బిగుసుకునే ఉంది.

తర్వాత దారం వదులైంది. తెగిన దారం ఒక్కసారిగా వదులవుతుంది. ఇది అలా కాలేదు. మెల్లగా... మూరెడు... మరో మూరెడు... అవతలి కొస పట్టుకున్న మనిషి ఒడ్డుకు నడిచి వస్తుంటే ఎలా వదులవుతుందో, అలా.

ఓబులేసు అన్నీ పారేసి పరుగెత్తాడు.

షఫీ ఫ్లాస్కుతో ఎదురొచ్చాడు. "అరె, ఏమైంది? పాము గిట్ల గరిచిందా?" చెయ్యి పట్టుకుని, వెనక్కు ఒడ్డు దాకా లాక్కుపోయాడు. బురద మీద రాడ్ పడి ఉంది. చేప లేదు. ఆకుపచ్చ దారం లేదు. ఓబులేసు అడగగా షఫీ నీళ్ళు నాలుకకు రాసుకుని తుపుక్కున ఉమ్మాడు. "ఉప్పు గాక షర్బత్తుంటదా? నిద్ర లేక నీ దిమాగ్ ఖరాబైంది. యల్లా, పోదాం పా."

దారి పొడవునా షఫీ ముందు సీటులో గురక పెట్టాడు. ఓబులేసు మాత్రం వాక్యాలు కూర్చుకున్నాడు. 'పాపా, ఏసోబు లేడు.' అది చాలదు. 'నేను ఉన్నా, పట్టుకున్నా, వదిలినా.' మూడు మాటలు. ఎక్కడా అబద్ధం లేని మూడు మాటలు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో షఫీని దింపి, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌కు మళ్ళేసరికి అవి కంఠస్థమయ్యాయి. రెండేళ్ళలో మొదటిసారి గుండె కొంచెం తేలికైంది.

విల్లా గేటు ముందు కారాపి దిగాడు. ఎండ వచ్చింది. కృష్ణకుమారి పిల్లల బట్టలు ఆరేస్తోంది. చేతిలో తువ్వాల, మెడలో పసుపుతాడు. అతన్ని చూడగానే చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఏమన్నా తెలిసిందా?"

ఓబులేసు నోరు తెరిచాడు.

ఆమె ఆగలేదు. ముఖం వెలిగిపోతోంది. "పోయిన వారం చర్చిలో ఒకామె చెప్పిందన్నా. వక్రా దిక్కు ఒక క్యాంపులో మనోళ్ళు ఉండారంట. అందులో ఒకాయప్ప నవ్వితే అచ్చం మా ఆయన మాదిరే ఉంటాడంట. మేడమ్‌ను బతిమాలి లీవు తీసుకున్నా. నువ్వు తీస్కపోతావా అన్నా?"

మూడు మాటలే. మొదటిది నాలుక మీదే ఉంది.

ఆ ముఖం చూశాడు.

"తీస్కపోతా పాపా" అన్నాడు. "వెతుకుతాం. దొరకకుండా యాడికి పోతాడు."

అనేశాడు. ఇరవైఅయిదో వారం. తల దించుకున్నాడు.

"సరేగానీ," అంది కృష్ణకుమారి అతని భుజం మీదుగా చూస్తూ, "కారులో ఆయప్ప ఎవరన్నా? దిగమను, టీ పెడతా."

"ఎవరూ లేరు పాపా. షఫీని దింపేసే వచ్చినా."

"ఉండాడు గదన్నా, వెనక సీటులో. అద్దానికంతా ఆవిరి పట్టింది, ముఖం కనపళ్ళే. అదో, చేత్తో తుడుస్తాండాడు."

ఓబులేసు తిరిగి చూడలేదు. చూడలేకపోయాడు. ఆమె గేటు దాటడం, పక్కనుంచి వెళ్ళడం, చెప్పుల చప్పుడు కారు దగ్గర ఆగడం మాత్రం విన్నాడు.

చివరికి అతను తల తిప్పాడు.

కృష్ణకుమారి వంగి అద్దంలోకి చూస్తోంది. అరవలేదు. వెనక్కు జరగలేదు. ఇంటికి ఆలస్యంగా వచ్చిన మనిషిని పలకరించినట్టు, మెత్తగా అడిగింది.

"ఎప్పుడొచ్చినావు?"

జవాబు ఓబులేసుకు వినపడలేదు. ఆమెకు వినపడింది. చెవి అద్దానికి దగ్గరగా పెట్టి, మధ్యమధ్య 'ఊఁ' కొడుతూ చివరిదాకా విన్నది. ఒకసారి ఏదో అడిగింది. మళ్ళీ విన్నది.

తర్వాత నడుము నిలబెట్టి, మెల్లగా ఓబులేసు వైపు తిరిగింది.