మూలలు లేని టీపాయ్

"ఈ మూల సరిగ్గా మా పాప నుదుటికి వస్తోంది," అంది కోడలు.

వడ్రంగి టీపాయ్‌ని చూశాడు. పాపని చూశాడు. "టీపాయ్ ఎత్తు ఎక్కడైనా ఇంతేనండి."

"అయితే పాప ఎదిగాక తీసుకురండి."

అతను టీపాయ్‌ని భుజానికెత్తుకుని మెట్లు దిగిపోయాడు. చాప మీద కూర్చున్న అత్తగారు, కొత్త చుట్టం గుమ్మంలోంచే వెళ్లిపోయినట్టు దాని వంక చూస్తూ ఉండిపోయింది.

ఆ ఇంట్లో ఉండేది అత్తగారు, కోడలు, ఈమధ్యే పరుగు నేర్చిన బుజ్జి. బుజ్జి కడుపులో ఉండగానే దాని తండ్రిని రోడ్డు మీద లారీ గుద్దేసింది. అందులో హాల్లో సామాన్ల తప్పేమీ లేదు. అయినా పాప అడుగులు వేయడం మొదలుపెట్టగానే కోడలు గాజు బల్లని పంపేసింది, తర్వాత ఇనప కుర్చీలని, ఆఖరికి గోడ గడియారాన్ని కూడా. చివరికి హాల్లో ఒక చాప, బోలెడంత గాలి మిగిలాయి.

"నా మోకాళ్లు నేల మీదికి దిగుతాయి గానీ మళ్లీ పైకి రావు," అని అత్తగారే పంతం పట్టి ముగ్గురు కూర్చునే సోఫా, ఒక టీపాయ్ పురమాయించింది.

టీపాయ్ మళ్లీ వచ్చింది, మూలలు గుండ్రంగా చేయించుకుని. కోడలు అంచు మీద వేలు పెట్టి, "ఇక్కడ పదునుగా ఉంది," అంది. మరోసారి కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. కాళ్లు బయటికున్నాయంది, పాపకి తగులుతాయని. అతను వచ్చినప్పుడల్లా టీపాయ్ కొంచెం చిన్నదైంది. ఆఖరికి దాని మీద ఒక్క గ్లాసు మాత్రమే పట్టేది.

"నా గ్లాసూ నీ గ్లాసూ వంతులేసుకోవాలి," అంది అత్తగారు. "గోడలకీ మూలలున్నాయి కదే. ఇల్లంతా చిత్రిక పట్టించమంటావా?"

"అత్తయ్యా, మీరు ఊరుకోండి." కోడలు వడ్రంగి వైపు తిరిగింది. "మీరు నిలబడి చూస్తున్నారు. పాపకి ఏం తగులుతుందో మీకెలా తెలుస్తుంది?"

అతనికి న్యాయంగానే అనిపించింది కాబోలు, చెవి వెనక పెన్సిల్ తీసి జేబులో పెట్టుకుని, మోకాళ్ల మీద కూలబడి హాలంతా పాకడం మొదలుపెట్టాడు. ఆరడుగుల మనిషి. బుజ్జికి ఇంత బాగున్న మనిషిని ఇంతవరకు ఎవరూ చూపించలేదు. అది కూడా వెనకాలే పాకింది.

కిటికీ కింద ఠప్పున చప్పుడైంది.

"ఏమైందండీ?"

"ఇక్కడ మేకు ఉందండి. కిటికీ గట్టు కింద. పైనుంచి కనిపించదు." నుదుటి మీద చెయ్యి పెట్టుకుని అన్నాడు. "నాకూ తగిలాకే తెలిసింది."

కోడలు నేల మీద కూర్చుండిపోయింది. ఇల్లంతా ఖాళీ చేసిన మనిషికి ఆ మేకు కనిపించలేదు. రోజూ దాని పక్కనే పాప ఆడుకుంది.

"పాపకి తగల్లేదు కదండీ," అన్నాడతను మెల్లగా. మేకు పీకి జేబులో వేసుకున్నాడు. ఆమె లేచి వెళ్లి గుడ్డ తడిపి తెచ్చింది. ఇస్తూ, అతని నుదుటి మీద బొప్పి చూసి, ఎందుకో నవ్వేసింది. ఆ ఇంట్లో ఆ చప్పుడు విని చాలా కాలమైంది. అత్తగారు తలెత్తి చూసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ గ్లాసు వంక చూసుకుంది.

సోఫా వచ్చిన రోజు అత్తగారు ఒక చివర కూర్చుంది, మళ్లీ లేవలేదు. కోడలు అంచులన్నీ తడిమింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అతను సంచి సర్దుకున్నాడు. నిదానంగా సర్దుకున్నాడు.

అప్పుడే బుజ్జి పరుగెత్తుతూ, ఏమీ లేని నేల మీద, తన గౌను తానే తొక్కుకుని బోర్లా పడింది.

కోడలు కదలబోయి అతన్ని చూసింది. అతను ఉన్నచోటే మోకాళ్ల మీద కూర్చుని, చేతులు చాచి ఎదురుచూస్తున్నాడు. బుజ్జి తలెత్తింది. ఏడవాలా వద్దా అని ఇద్దరి మొహాలూ చూసింది. తర్వాత లేచి వెళ్లి అతనికి తన మోచెయ్యి చూపించింది. అతను తన నుదురు చూపించాడు. లెక్క సరిపోయింది.

"ఇంకేమైనా పని ఉందాండీ?" అన్నాడు పాపని ఎత్తుకుని.

"సామానుకి లేదు."

"నాకూ కొన్ని మూలలుంటాయండి. మీరు చెబితే అరగదీసుకుంటాను."

కోడలు టీపాయ్ వంక చూసింది. "వద్దు. అన్నీ అరగదీస్తే ఏం మిగులుతుందో చూశాం కదా."

"ఏమయ్యా," అంది అత్తగారు సోఫా మీంచి. "ముగ్గురికని చెప్పాను. దీని మీద నలుగురు పడతారు. కొలత తప్పావా?"

అతను తలొంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పలేదు అత్తయ్యా," అంది కోడలు.

అత్తగారు కాస్త పక్కకి జరిగింది. "అయితే నిలబడతారేం? కూర్చోండి."