నికోన్‌కు రాని ఏడుపు

"ఏడవరా!" అన్నాడు నాన్న.

"రావట్లేదండీ," అన్నాడు నికోన్.

"ఉల్లిపాయ తెప్పించమంటావా?"

తెర వెనక ఉన్ని వడుకుతున్న నాకు నవ్వొచ్చింది. నికోన్ తెర సందులోకి చూశాడు. నా చేతిలోంచి కదురు జారిపడింది.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నికోన్ ఏథెన్స్ బిడ్డే కాదని పక్క పొలంవాడు కేసు పెట్టాడు. రేపే తీర్పరుల ముందు విచారణ. ఓడితే బానిసగా అమ్మేస్తారు. అతని తండ్రిని ఎరిగినవాళ్లంతా యుద్ధంలో పోయారు. కోర్టులో ఎవరి మాట వాళ్లే చెప్పుకోవాలి. ఆ మాటలు చాటుగా రాసిచ్చేది మా నాన్న.

"మాట నెగ్గాలంటే మూడు కావాలి," అని నాన్న నా చిన్నప్పుడే చెప్పాడు. "తర్కం, కన్నీరు, చెప్పేవాడి మీద నమ్మకం."

నికోన్ వెళ్లాక తెర దాటి వచ్చాను.

"నాన్నా, అమ్మ సమాధి పక్కదే వాళ్ల నాన్న సమాధి. ఏటా అతను అక్కడ నూనె పోయడం మనిద్దరం చూశాం. పరాయివాణ్ణి మన ఊరివాళ్ల మధ్య పూడ్చనిస్తారా? ఆడదాన్ని, నా సాక్ష్యం చెల్లదు. నువ్వు చెప్పు."

"చెప్తే, నా మాట తీరు పోల్చుకుని, అతని మాటలు రాసింది కూడా నేనేనని అందరికీ తెలుస్తుంది. మళ్లీ నా గడప ఎవడు తొక్కుతాడు? ఏం తింటామే?"

"మేకలున్నాయి. బార్లీ ఉంది. అతన్ని అమ్మేశాక మళ్లీ తేగలమా?"

"తర్కం బానే ఉంది. ఏడుపేదీ?"

"నాకూ రావట్లేదు." నాన్న ఎదురుగా కూర్చున్నాను. "నీకెప్పుడైనా అబద్ధం చెప్పానా నాన్నా?"

"లేదు."

"అయితే ఇదీ నిజమే. నాకు అతను కావాలి."

నాన్న తను రాసే మైనపు పలకలు చంకన పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆడవాళ్లెవరూ అడుగుపెట్టని ఆ కోర్టును తలుచుకుంటూ ఇంట్లోనే కూర్చున్నాను. పోగు తెగుతూనే ఉంది. మధ్యాహ్నం దాటాక వాకిట్లో చెప్పుల చప్పుడు. ఒకరివే. కాదు, ఇద్దరివి.

నాన్న తన మైనపు పలకలు తెచ్చి నా ఒళ్లో పడేశాడు.

"పదకొండు ఓట్ల తేడాతో బయటపడ్డాడు. ఇవి ఇక నువ్వే రాసుకో. సాక్ష్యం చెప్పాను కదా, దారిలోనే ఇద్దరు మొహం తిప్పుకున్నారు." నికోన్‌ను చూపిస్తూ, "మేకలకి మనిషి కావాలి. వీణ్ణి ఉంచుకుందామా?" అన్నాడు.

గుమ్మం దగ్గర నికోన్ మొహమంతా తడిసిపోయింది. భుజాలు ఎగిరిపడుతున్నాయి.

"ఇప్పుడెందుకండీ? చూడ్డానికి తీర్పరులు లేరుగా," అన్నాను.

"అందుకే," అన్నాడు.